కేదార్‌కంఠ, క్రాకోవ్, బెంగళూరు బైకు: మూడింటికీ ఒకే ఇన్సులేటెడ్ సాఫ్ట్‌షెల్ జర్కిన్ చాలుతుందా?

వంశీ_తాడిపత్రి

అందరికీ నమస్తే. సొంతూరు తాడిపత్రి, ఉండేది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో. ఎండకు పుట్టి ఎండలో పెరిగినోణ్ణి, చలి బట్టల గురించి నాకేం తెలీదు.

డిసెంబర్ ఆఖర్లో స్నేహితులతో ఉత్తరాఖండ్ హిమాలయాల్లో కేదార్‌కంఠ శిఖరం ట్రెక్ ఉంది. జనవరి నెలాఖరులో ఆఫీసు పని మీద పోలండ్‌లోని క్రాకోవ్‌లో కొన్ని వారాలు ఉండాలి. ఇవి కాక రోజూ పొద్దున ఆరింటి షిఫ్టుకు ఎలక్ట్రానిక్ సిటీ దాకా బైకు మీద పోవాలి. మూడింటికీ ఒకే జర్కిన్ కొనాలని ఆశ. ఏడు వేలు అనుకున్నా, మరీ నచ్చితే ఎనిమిది.

ఆన్‌లైన్‌లో ఎక్కడ చూసినా ‘ఇన్సులేటెడ్ సాఫ్ట్‌షెల్’ అంటున్నారు. రెండు వేల నుంచి పద్దెనిమిది వేల దాకా ఉన్నాయి. ఫోటోల్లో చూస్తే అన్నీ అన్నదమ్ములే. అన్నిటి మీదా వాటర్‌ప్రూఫ్, విండ్‌ప్రూఫ్, మైనస్ 20 అని రాశారు. అసలు తేడా ఎక్కడుంది, ఏం చూసి కొనాలో చెప్పండన్నా.

అడయార్_ఆంజనేయులు

చెన్నై నుంచి చదువుతున్నానండి. మాకు జనవరి తెల్లవారుజామున 20 డిగ్రీలకు దిగితే చాలు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మంకీ క్యాప్ దించేస్తాడు. జర్కిన్ అవసరం ఏసీ బస్సులో తప్ప రాదు. సలహా ఇచ్చే అర్హత లేదు గానీ, మా అబ్బాయి వచ్చే ఏడు కెనడా వెళ్తున్నాడు, అందుకే ఇక్కడ కూర్చుంటున్నా.

క్లచ్_వైరు

వంశీ, ముందు బెంగళూరు సంగతి తేల్చేద్దాం. డిసెంబర్, జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున మామూలుగా 15, 16 డిగ్రీలు. రికార్డుల్లో ఉన్న అతి తక్కువ 7.8, అదీ 1884 జనవరి 13న. కాబట్టి ఈ ఊళ్ళో లోపల దూది నింపిన జర్కిన్ వేసుకుంటే సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఉడికిపోతావు.

ఇక్కడ బైకు మీద వణికించేది గాలి. గాలిని ఆపే పలచటి పొర ఒకటి, లోపల ఫుల్ చేతుల టీషర్టు ఒకటి, అంతే. ఊటీ దాకా పోతే మాత్రం కథ వేరు. విండ్‌చిల్ లెక్క ప్రకారం 5 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 2లా ఉంటుంది. 10 డిగ్రీల్లో అదే గాలికి 5లా. ఆ లెక్క పది డిగ్రీలు, అంతకంటే తక్కువ చలికే వర్తిస్తుంది, బెంగళూరు వాళ్ళం మన 16 డిగ్రీలకు వేసుకుని భయపడక్కర్లేదు.

ఇంకో మాట, ఇది గట్టిగానే చెబుతా. సాఫ్ట్‌షెల్ రైడింగ్ జాకెట్ కాదు. సాగే నైలాన్, పాలిస్టర్ బట్ట అది. పడి రోడ్డు మీద ఈడ్చుకుపోతే మొదటి మీటరులోనే చిరుగుతుంది. మోచేతులకు, భుజాలకు సీఈ అనే యూరప్ భద్రతా ముద్ర ఉన్న ప్యాడ్లు ఉండాలి. బట్టకు ఈఎన్ 17092 అనే ప్రమాణం కింద ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని తరగతులున్నాయి. రోజూ అంత దూరం పోయేవాడివి, జర్కిన్ డబ్బుల్లోంచి కాకుండా విడిగా దాచుకుని అది కొను.

వంశీ_తాడిపత్రి

అన్నా, అంటే మూడింట్లో ఒకటి అప్పుడే పోయిందా?

క్లచ్_వైరు

పోయింది. కానీ రైడింగ్ జాకెట్ కింద పలచటి సాఫ్ట్‌షెల్ వేసుకోవచ్చు. దూది ఉన్నదైతే పైది బిగుతై చేతులు మడవలేవు.

పీణ్య_కుట్టుమిషన్

నేను ఎగుమతి గార్మెంట్ యూనిట్‌లో మర్చండైజర్‌ని. యూరప్‌కు పోయే జాకెట్లే మా పని. ఇది కాస్త పొడుగు పోస్టు, ఓపిక ఉంటే చదవండి.

సాఫ్ట్‌షెల్ అంటే పై బట్ట పేరు. నైలాన్ లేదా పాలిస్టర్ నేత, అందులో కొంచెం ఎలాస్టేన్ ఉంటుంది కాబట్టి సాగుతుంది. దాని వెనక పలచటి ఫ్లీస్, అంటే నూగులాంటి మెత్తటి బట్ట, అతికిస్తారు. కొన్నిటికి ఈ రెంటి నడుమ కంటికి కనపడని సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని మెంబ్రేన్ అంటాం. పొర ఉంటే గాలి చొరబడదు. లేకపోతే గాలి కొంత చొరబడుతుంది, కానీ చెమట ఆవిరి బాగా బయటికి పోతుంది. రెండూ మంచివే, పని వేరు.

‘ఇన్సులేటెడ్’ అనే మాట దగ్గరే మోసం మొదలవుతుంది. ఈ పేరుతో కనీసం మూడు రకాల సరుకు అమ్ముతున్నారు. ఒకటి, వెనకనున్న ఫ్లీస్ కొంచెం మందంగా ఉంటుంది, అంతే. మీరు చూసిన రెండు వేల రూపాయలవి దాదాపు అన్నీ ఇవే. రెండోది, సాఫ్ట్‌షెల్ బట్టకూ లోపలి లైనింగ్‌కూ మధ్య నిజంగా పాలిస్టర్ వాడింగ్, అంటే ఇక్కడ మనం దూది అంటున్నది, పరిచి కుట్టింది. మూడోది, ఛాతీకి, వీపుకు మాత్రం వాడింగ్ పెట్టి, చంకలకు, పక్కలకు, చేతులకు ఉత్త సాఫ్ట్‌షెల్ వదిలేసింది. కొండలెక్కేవాళ్ళ కోసం ఆలోచించి చేసింది ఈ మూడోది. ధర కూడా అందుకే ఎక్కువ.

ఏది ఏదో ఫోటోలో తెలియదు. పక్క కుట్టు లోపల తెల్ల లేబుల్ ఉంటుంది, అది తిరగేసి చూడండి. షెల్, లైనింగ్, ఫిల్లింగ్ అని విడివిడిగా రాసి ఉంటే వాడింగ్ ఉన్నట్టు. షెల్ ఒక్కటే రాసి ఉంటే దాంట్లో నింపింది ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో అయితే లేబుల్ ఫోటో అడగండి. పంపకపోతే కొనొద్దు.

వాడింగ్ బరువు చదరపు మీటరుకు గ్రాముల్లో చెబుతారు, దాన్నే జీఎస్‌ఎం అంటారు. 40 అంటే పలచన, 60 మధ్యస్థం, 100 పైన నిలబడి ఉన్నా వెచ్చన. చాలా కంపెనీలు ఛాతీకి 100, చేతులకు 60 పెడతాయి. ఇక్కడ ఒక చిన్న గొడవ ఉంది. సాఫ్ట్‌షెల్ బట్టే 300 జీఎస్‌ఎం దగ్గర తూగుతుంది. అది వాడింగ్ బరువు కాదు. అమ్మేవాడు ‘340 జీఎస్‌ఎం జాకెట్’ అని గొప్పగా రాస్తే అది బట్ట బరువే, వెచ్చదనం లెక్క కాదు.

కుట్లు చూడండి. పై బట్ట నుంచి లైనింగ్ దాకా గడులు గడులుగా కుట్టేస్తే, ఆ కుట్టు పడిన చోట వాడింగ్ నలిగి అణిగిపోతుంది, అక్కడ నుంచి చలి లోపలికొస్తుంది. మంచివాటిలో వాడింగ్‌ను లైనింగ్‌కే కుట్టి పై బట్టను విడిగా వదిలేస్తారు. పైన గడి కుట్లు కనపడకుండా లోపల మాత్రం ఉంటే అర్థం అదే.

జిప్పు వెనక రెండు వేళ్ళ వెడల్పు బట్ట పట్టీ ఉందా? గడ్డం దగ్గర జిప్పు తల దాక్కునే చిన్న జేబు ఉందా? ఇవి లేకపోతే ఎంత వాడింగ్ ఉన్నా జిప్పు గీత వెంట గాలి సూదుల్లా దిగుతుంది.

ఓరుగల్లు_పోరడు

అన్నా, మరి 10,000 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ అని రాస్తున్నరు కదా, అదేంది?

పీణ్య_కుట్టుమిషన్

బట్ట ముక్క మీద నీటి స్తంభం నిలబెట్టి చేసే పరీక్ష అది. పది మీటర్ల నీటి ఒత్తిడికి బట్ట కారలేదని దాని అర్థం. బట్ట కారకపోయినా జాకెట్ కారుతుంది. ఎందుకంటే సాఫ్ట్‌షెల్‌లో సాధారణంగా కుట్ల మీద లోపలి వైపు టేపు వేయరు. భుజం కుట్టులో సూది దిగిన ప్రతి రంధ్రమూ ఓ దారే. తుంపరకు, పొడి మంచుకు సాఫ్ట్‌షెల్ చాలు. వానకు చాలదు. వానకు వేరే షెల్ కావాలి, కుట్లకు టేపు వేసింది.

పై బట్ట మీద నీళ్ళు బొట్లుగా జారిపోయేలా ఒక పూత ఉంటుంది, డీడబ్ల్యూఆర్ అంటాం. మునుపు అందులో పీఎఫ్‌ఏఎస్ అనే, ప్రకృతిలో త్వరగా కరిగిపోని రసాయనాలు వాడేవారు. కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి 1 నుంచి బట్టల్లో వాటిని నిషేధించాయి, చాలా పెద్ద బ్రాండ్లు పూత మార్చుకున్నాయి. కొత్త పూత నీటిని ఆపుతుంది గానీ నూనెను, మురికిని అంతగా ఆపదు. మురికి పట్టిన చోట నీళ్ళు ఇంకుతాయి. అందుకే కొత్త జాకెట్లను పాతవాటికంటే త్వరత్వరగా ఉతుక్కోవాలి.

ధర గురించి కూడా ఒక ముక్క. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2500 లోపు బట్టలకు జీఎస్‌టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. మీకు 2,499 జర్కిన్లు ఇన్ని కనపడుతున్నాయంటే కారణం అదే.

వంశీ_తాడిపత్రి

పీణ్య అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంతకీ ఆ మైనస్ 20 సంగతేంటి?

పీణ్య_కుట్టుమిషన్

స్లీపింగ్ బ్యాగులకు ఐఎస్ఓ 23537 అనే పద్ధతి ఉంది, మనిషి ఆకారంలో ఉన్న వేడెక్కే బొమ్మను లోపల పడుకోబెట్టి కొలుస్తారు. చలిలో పనిచేసే కార్మికుల దుస్తులకు ఈఎన్ 342 ఉంది. మామూలు జర్కిన్ మీద రాసే మైనస్ అంకె సాధారణంగా కంపెనీ తనకు తాను చెప్పుకున్నదే. నిలబడి ఉంటేనా, నడుస్తుంటేనా, లోపల ఎన్ని పొరలు వేసుకుంటేనా అని రాసి ఉంటే కొంత నమ్మొచ్చు. డెకాథ్లాన్ ట్యాగుల మీద అలాంటి వివరం కొన్నిటికి ఉంటుంది. ఉత్త అంకె ఒక్కటే ఉంటే దాన్ని అలంకారం అనుకోండి.

కొండగాలి

వంశీ, చలికాలం హిమాలయం ట్రెక్‌లకు గుంపులను తీసుకెళ్ళే పని కొన్నాళ్ళు చేశాను. నీ ప్రశ్నకు సూటి జవాబు: కేదార్‌కంఠ ఎక్కడానికి దూది ఉన్న సాఫ్ట్‌షెల్ వద్దే వద్దు.

ఎందుకో విను. ట్రెక్ మొదలయ్యే సాంక్రి ఊరు సుమారు 1,950 మీటర్ల ఎత్తు, శిఖరం 3,810. ప్రతి వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి కింద సున్నా ఉంటే పైన మైనస్ 12. వినడానికి భయంగా ఉంటుంది. కానీ నువ్వు ఆ పైకి వీపున సంచీతో, మోకాలి మంచులో ఎక్కుతూ పోతావు. పది నిమిషాల్లో ఒళ్ళు పొయ్యి. వాడింగ్ ఉన్న జర్కిన్ వేసుకుంటే లోపలి బనియను చెమటకు తడుస్తుంది. ఆ తడితో ఆగావంటే అసలు చలి అప్పుడు మొదలవుతుంది. విప్పుదామంటే కుదరదు, గాలి కొడుతుంది. వేసుకుందామంటే ఉడుకు. పై పొర, వెచ్చటి పొర ఒకదానికొకటి కుట్టేసి ఉన్నాయి కదా, ఏది తీయాలన్నా రెండూ తీయాలి. వచ్చిన చిక్కంతా అదే.

శిఖరానికి బయల్దేరేది రాత్రి రెండు మూడింటికి. ఎక్కేటప్పుడు ఒంటి మీద ఉండాల్సింది: చర్మానికి ఆనుకుని పాలిస్టర్ లేదా ఉన్ని థర్మల్, దాని మీద పలచటి ఫ్లీస్, ఆపైన దూది లేని సాఫ్ట్‌షెల్. సంచీలో పైనే, చేతికందేలా, ఉబ్బుగా ఉండే ప్యాడెడ్ జాకెట్. ఆగిన మరుక్షణం దాన్ని అన్నిటి మీదా వేసుకోవాలి. చలేసే దాకా ఆగి తర్వాత వేసుకునేవాళ్ళే ఎక్కువ, అప్పటికి ఒంట్లో ఉన్న వేడి పోయి ఉంటుంది.

కాటన్ మాత్రం వద్దు. బనియను కూడా. జీన్స్ వేసుకుని వచ్చేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఉంటారు, జూడా కా తలాబ్ క్యాంపు చేరేసరికి ఆ జీన్స్ రేకులా గడ్డకట్టి ఉంటాయి.

ఓరుగల్లు_పోరడు

గా బరువు జాకెట్ కొనుడెందుకే. సాంక్రిల కిరాయికి ఇస్తరు. మా దోస్తులంత అట్లనే తీస్కున్నరు. ట్రెక్ నడిపెటోళ్ళ దగ్గర కూడ ఉంటయి.

కొండగాలి

నిజమే, కిరాయికి దొరుకుతాయి. జిప్పు పైదాకా వెళ్తోందో లేదో అక్కడే వేసుకుని చూడు, వాసన కూడా చూడు. డిసెంబర్ ఆఖరి వారం అంటే రద్దీ, మంచి సైజులు ముందే పోతాయి కాబట్టి ముందుగా చెప్పి పెట్టించుకోవాలి.

పీణ్య_కుట్టుమిషన్

కొండగాలి గారూ, మీరు చెప్పింది రెండో రకానికి నిజం. మూడో రకం, అంటే ఛాతీకి మాత్రం వాడింగ్ ఉండి చంకలు ఖాళీగా ఉన్నదైతే అంత ఉడకదు. పోలార్‌టెక్ ఆల్ఫా లాంటి ఫిల్లింగ్ అమెరికా సైన్యంలోని ప్రత్యేక దళాల కోసం వచ్చింది, ఎక్కేటప్పుడూ విప్పక్కర్లేకుండా గాలి ఆడేలా. వాడింగ్ అంటే అన్నీ ఒకటే కాదు.

కొండగాలి

ఒప్పుకుంటా. కానీ ఏడు వేలకు అది దొరుకుతుందా?

పీణ్య_కుట్టుమిషన్

దొరకదు.

మల్లేశ్వరం_మాస్టారు

నాకు అరవై ఎనిమిది. శాంకీ చెరువు చుట్టూ పొద్దున్నే నడుస్తాను. మా కోడలు తెచ్చిన దూది జాకెట్ ఒక చుట్టు తిరిగేసరికి భారమైపోతుంది. మీ చర్చ చదివాక వాడింగ్ లేనిది తీసుకోవాలనిపిస్తోంది. నాదొక్క సందేహం నాయనా: వేళ్ళ కీళ్ళు నొప్పులు, చిన్న జిప్పు తల పట్టుకోలేను. అలాంటివాళ్ళకు ఏదైనా ఉందా?

పీణ్య_కుట్టుమిషన్

మాస్టారూ, చేతి తొడుగులు తీయకుండా లాగడానికి వీలుగా జిప్పు తలకు పొడుగు తాడు ఉండేవి ట్రెకింగ్ జాకెట్లలో మామూలే. లేకపోతే మీకు నచ్చిన జర్కిన్ కొని, జిప్పు తల రంధ్రంలోంచి దళసరి తాడు ఒకటి దూర్చి ముడి వేయించండి. జిప్పు మాత్రం పెద్ద పళ్ళ ప్లాస్టిక్‌ది చూడండి, సన్నటి కాయిల్ జిప్పుకంటే అడుగున గుచ్చడం తేలిక.

చల్లారిన_కాఫీ

ఒకప్పుడు బీటీఎం లేఅవుట్, ఇప్పుడు క్రాకోవ్. కాబట్టి మూడో ముక్క నాది.

జనవరిలో ఇక్కడ పగలు సున్నా అటూ ఇటూ, రాత్రి మైనస్ 5 మామూలు. మైనస్ 15కు దిగే రోజులూ వస్తాయి. కానీ వంశీ, నువ్వు బయట ఉండేది ఎంతసేపు? అపార్ట్‌మెంట్ నుంచి ట్రామ్ స్టాపు, స్టాపు నుంచి ఆఫీసు. ఇల్లు, ట్రామ్, ఆఫీసు, కొట్టు అన్నీ లోపల 21, 22 డిగ్రీలుంటాయి. ఇక్కడ అసలు బాధ వేసుకోవడం, విప్పడం. రోజుకు ఎన్నిసార్లు విప్పుతామో లెక్కలేదు. అందుకే స్వెటర్ మీద స్వెటర్ వేసే మన పద్ధతి కుదరదు. పైన ఒకటి బాగా వెచ్చనిది, లోపల మామూలు చొక్కా, అంతే.

అంటే మీరందరూ కొండ మీద వద్దన్న దూది సాఫ్ట్‌షెల్ ఇక్కడ చక్కగా పనికొస్తుంది. పెద్దగా కదలవు, చెమట పట్టదు, మంచు పొడిగా రాలితే దులిపేస్తే పోతుంది, ఆఫీసులో వేసుకెళ్ళినా కొండ నుంచి దిగివచ్చినవాడిలా కనపడవు. పొడవు మాత్రం పిరుదులు దాటాలి. నడుం దగ్గర ఆగే జర్కిన్ వేసుకుని ట్రామ్ స్టాపులో ఇనప బెంచీ మీద కూర్చుంటే తెలుస్తుంది.

మైనస్ 15 రోజుకు అది చాలదు. అలాంటి రోజులు వరసగా రావు, వచ్చిన రోజున లోపల పలచటి ప్యాడెడ్ జాకెట్ వేసుకుంటే గడిచిపోతుంది. టోపీ, చేతి తొడుగులు, మెడకు గుడ్డ: వీటికి డబ్బు మిగుల్చుకో. జర్కిన్‌కు ఎనిమిది వేలు పెట్టి చెవులు వదిలేసే మనవాళ్ళని చాలామందిని చూశా. బూట్లు ఇక్కడికొచ్చాక కొను, కరిగిన మంచులో ఉప్పు కలిపిన బురద తొక్కాలి, దానికి తగ్గ అడుగు ఇక్కడి దుకాణాల్లోనే దొరుకుతుంది.

సంబంధం లేకపోయినా చెబుతా, చలికాలం ఇక్కడ పొగ. ఊళ్ళో బొగ్గు, కట్టెలు కాల్చడం 2019 సెప్టెంబర్ నుంచి నిషేధం. అయినా చుట్టుపక్కల నుంచి వస్తుంది. ఆస్తమా ఉంటే మాస్కు తెచ్చుకో.

అడయార్_ఆంజనేయులు

అంటే కెనడాకూ ఇదే లెక్కా సార్? లోపల వెచ్చన, బయట మంచు?

చల్లారిన_కాఫీ

పద్ధతి అదే, చలి మోతాదు వేరు. టొరంటో వేరు, విన్నిపెగ్ వేరు. విన్నిపెగ్‌లో జనవరి రాత్రుల్లో మైనస్ 20 రోజువారీ వ్యవహారం. అక్కడ సాఫ్ట్‌షెల్ మాట ఎత్తకండి, మోకాళ్ళ దాకా వచ్చే పార్కా కావాలి, అది అక్కడే కొనమనండి. ఇక్కడి నుంచి థర్మల్స్ పంపండి, చాలు.

కోరమంగళ_కోమలి

ఆడవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. మగవాళ్ళ ‘ఎస్’ సైజు వేసుకుంటే భుజాలు జారతాయి, తుంటి దగ్గర పట్టేస్తుంది, చేతులు వేళ్ళ దాకా వస్తాయి. భుజం దగ్గర ఖాళీ ఉంటే లోపల గాలి తిరిగి వెచ్చదనం నిలవదు. లేడీస్ కట్ తీసుకుంటే మళ్ళీ ఫ్యాషన్ పేరుతో నడుం బిగించి, లోపల ఫ్లీస్ పట్టకుండా చేస్తారు. జేబులు బొమ్మ జేబులు. కొండగాలి అక్కా, మీరేం చేస్తారు?

కొండగాలి

ఆడవాళ్ళ కట్‌లోనే ఒక సైజు పెద్దది. నడుం దగ్గర తాడు ఉంటే బిగించుకుంటా. కింద రెండు వైపులా తెరిచే జిప్పు ఉన్నదైతే తుంటి దగ్గర కాస్త వదులు చేసుకోవచ్చు, కూర్చోవడానికీ హాయి. కొట్లో వేసుకుని రెండు చేతులూ పైకెత్తు, కింది అంచు బెల్టు దాటి లేవకూడదు. తర్వాత రెండు చేతులూ ముందుకు కౌగిలించుకున్నట్టు పెట్టు, వీపు బిగుసుకోకూడదు. లోపల వేసుకోబోయే ఫ్లీస్ ఇంటి నుంచే వేసుకుని వెళ్ళు, ఏసీలో ఉక్కపోసినా సరే.

ఒక లోపలి జేబు తప్పకుండా ఉండాలి. చలికి ఫోను బ్యాటరీ చప్పున పడిపోతుంది, ఒంటికి ఆనించి ఉంచితేనే పొద్దున్నే ఫోటోకు పనికొస్తుంది.

కాకినాడ_కాజా

ఇంత గొడవెందుకండీ, డౌన్ జాకెట్ కొనుక్కోక. బాతు నూగుది. పిడికెడంత మడత పడుతుంది, దానంత వెచ్చన ఏదీ ఉండదు.

పీణ్య_కుట్టుమిషన్

బరువుకు తగ్గ వెచ్చదనంలో డౌన్‌ను మించింది లేదు, నిజమే. తడిస్తే మాత్రం ముద్దయిపోయి వెచ్చదనం పోతుంది, ఆరడానికి రోజులు పడుతుంది. తడిసినా పనిచేసేది కావాలనే 1980ల్లో అమెరికా సైన్యం కోసం ప్రైమాలాఫ్ట్ అనే సింథటిక్ ఫిల్లింగ్ తయారైంది. పొడి చలికి, ఆగినప్పుడు వేసుకోవడానికి డౌన్ మంచిదే. చెమటతో ఎక్కేటప్పుడు, ముసురులో సింథటిక్. వంశీ మొదటిసారి పోతున్నాడు, తడుపుకుంటాడు. సింథటిక్ చాలు.

అడ్మిన్

కొన్ని దుకాణాల లింకులు, రెఫరల్ కోడ్‌లు తీసేశాం. బ్రాండ్ పేరు చెప్పొచ్చు, అమ్మకాలు వద్దు.

వంశీ_తాడిపత్రి

ఇవాళ సర్జాపుర రోడ్డులో డెకాథ్లాన్‌కూ, అటునుంచి వైల్డ్‌క్రాఫ్ట్ షాపుకూ పోయొచ్చినా. లేబుళ్ళు తిరగేస్తుంటే అక్కడి పిల్లోడు వింతగా చూసినాడు.

రెండు నచ్చినాయి. ఒకటి మెంబ్రేన్ ఉన్నది, వెనక పలచటి ఫ్లీస్, ఫిల్లింగ్ లేదు, వెనక అంచు కిందికి దిగి ఉంది. రెండోది ఫిల్లింగ్ రాసి ఉన్న దూది సాఫ్ట్‌షెల్, టోపీ ఊడి వస్తుంది, పొడవు బాగుంది, కాకపోతే బడ్జెట్ మొత్తం దానికే పోతుంది. మెంబ్రేన్ నిజంగా ఉందో లేదో ఎట్లా తెలుసుకోవాలన్నా? అమ్మేవాడికీ తెలీదు.

పీణ్య_కుట్టుమిషన్

చేతి బట్టను నోటికి గట్టిగా ఆనించి ఊదండి. అవతల అరచేయి పెట్టండి. గాలి తగలకపోతే పొర ఉంది. కొంచెం తగిలితే లేదు. కుట్టు మీద కాకుండా ఉత్త బట్ట మీద ఊదాలి.

క్లచ్_వైరు

మొదటిదే కొను. బైకుకు రైడింగ్ జాకెట్ కింద పట్టేది అదే. టోపీ హెల్మెట్ కింద ఇరుక్కుంటుంది కాబట్టి ఊడేదైనా ఉండాలి, లేనిదైనా ఉండాలి.

చల్లారిన_కాఫీ

నేను రెండోదానికే ఓటు. ట్రెక్ కొన్ని రోజులు, ఇక్కడ కొన్ని వారాలు. ఎక్కువ రోజులు వాడేది కదా చూసుకోవాలి.

కొండగాలి

కానీ రెండోదాన్ని విడదీయలేం. మొదటిదానికి తోడుగా 60 జీఎస్‌ఎం పలచటి సింథటిక్ ప్యాడెడ్ జాకెట్ కొంటే రెండూ కలిపి ఆ ఎనిమిది వేల లోపే వస్తాయి. సాఫ్ట్‌షెల్ సైజు ఆ ప్యాడెడ్ లోపల పట్టేంత ఉండాలి, అది వేసుకునే కొలుచుకో. ఎక్కేటప్పుడు పైది ఒక్కటి. క్రాకోవ్‌లో రెండూ. బెంగళూరులో పైది. శిఖరం దగ్గర ఆగినప్పుడు మాత్రం ఈ రెండూ చాలవు, సాంక్రిలో పెద్దది కిరాయికి తీసుకో.

చల్లారిన_కాఫీ

అలా అయితే ఒప్పుకుంటా, కాకపోతే పొడవు తగ్గుతుంది. లోపల పొడుగు థర్మల్ ప్యాంటు వేసుకో వంశీ, ట్రామ్ బెంచీ మీద కూర్చోకు.

వంశీ_తాడిపత్రి

కొండగాలి అక్క చెప్పినట్టే కొన్నా. సాఫ్ట్‌షెల్ ఎల్, లోపల ప్యాడెడ్ ఎం. ఊది చూసినా, గాలి రాలేదు. రెండూ కలిపి బడ్జెట్‌లోనే అయిపోయింది, మిగిలినదాంట్లో ఉన్ని టోపీ, తొడుగులు. రైడింగ్ జాకెట్ మార్చిలో. క్లచ్ అన్నా, ఈలోగా నెమ్మదిగా పోతాలే.

ట్రెక్ నుంచి వచ్చినాక, పోలండ్ పోయే ముందు ఉతకాలి కదా. మా ఇంట్లో ఏ బట్టయినా సర్ఫ్‌లో నానబెట్టి బండకేసి కొట్టడమే తెలుసు.

పీణ్య_కుట్టుమిషన్

బండ వద్దు నాయనా. నానబెట్టొద్దు కూడా.

జిప్పులన్నీ మూసి, జేబులు ఖాళీ చేసి, లోపలి వైపు బయటికి తిప్పి, మెషిన్‌లో 30 డిగ్రీల నీళ్ళలో సున్నితమైన మోడ్‌లో వేయండి. పౌడర్ కంటే లిక్విడ్ మేలు, అదీ మామూలు కొలతకంటే తక్కువ. కంఫర్ట్ లాంటి ఫాబ్రిక్ కండిషనర్ ఒక్క చుక్క కూడా వద్దు, అది బట్ట మీద పొర కట్టి నీళ్ళను లోపలికి పిలుస్తుంది. ఒకటికి రెండుసార్లు జాడించండి. సబ్బు మిగిలినా నీళ్ళు ఇంకుతాయి.

పిండకుండా నీడలో ఆరేయండి. లేబుల్ మీద డ్రైయర్ గుర్తు కొట్టేసి లేకపోతే తక్కువ వేడిలో కాసేపు తిప్పండి, వేడికి పూత మళ్ళీ లేస్తుంది. ఆరాక నాలుగు చుక్కల నీళ్ళు చల్లి చూడండి. బొట్లుగా జారితే సరే. చెమ్మ పట్టి నల్లబడితే పూత అరిగింది, దానికి నిక్‌వాక్స్ లాంటి స్ప్రేలు దొరుకుతాయి.

మల్లేశ్వరం_మాస్టారు

వేసవిలో దాచడం ఎలాగ? మేమైతే స్వెటర్లకు కలరా ఉండలు వేస్తాం.

పీణ్య_కుట్టుమిషన్

అక్కర్లేదు మాస్టారూ, పాలిస్టర్‌ను పురుగు తినదు. హ్యాంగర్‌కు వేలాడదీయండి. ప్యాడెడ్ జాకెట్‌ను మాత్రం దాని చిన్న సంచీలో కుక్కి ఆరు నెలలు పెట్టొద్దు, వాడింగ్ అణిగిపోతుంది, తర్వాత పైకి లేవదు.